జోసెఫీన్ జీతం

1929 డిసెంబరు 31. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వేధశాల. దేశం నలుమూలల నుంచి సభలకు వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞులతో అక్కడ సందడే సందడి. అతిథేయి డైరెక్టర్ హార్లో షాప్లీ. సూర్యుడు పాలపుంత నడిమధ్య లేడు, ఎక్కడో దూరాన ఉన్నాడని తేల్చిన మనిషి. అతిథులకు కొత్త సంవత్సరం కానుకగా ఆయన ఒక నాటకం ఆడించాడు.

దాన్ని 1879లో ఆ వేధశాల ఉద్యోగి విన్‌స్లో అప్టన్ సరదాకి రాశాడు. అప్పట్లో ఊరూరా ఆడుతున్న ‘పినఫోర్’ సంగీత నాటకానికి పేరడీ. పొద్దస్తమానం లెక్కలు కట్టేవాళ్ళ అవస్థలే అందులోని పాటలు. రాసిన యాభయ్యో ఏట గాని రంగం ఎక్కలేదు. వేధశాలలో పనిచేసే ఆడవాళ్ళే కోరస్‌లో గొంతు కలిపారు.

నాయిక జోసెఫీన్ వేషం కట్టి పాడింది సిసీలియా పేన్. ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆమె ఎవరో చెప్పాలి. నక్షత్రాల వర్ణపటాల్లోని గీతలను మన మేఘనాద్ సాహా సమీకరణంతో చదివి, నక్షత్రాలు దాదాపుగా హైడ్రోజన్ ముద్దలేనని 1925లోనే లెక్క తేల్చింది. అలా ఉండటానికి వీల్లేదన్నాడు ఆనాటి మహా పండితుడు హెన్రీ నోరిస్ రస్సెల్. పెద్దాయన మాట కాదనలేక, ఈ ఫలితం దాదాపు నిశ్చయంగా నిజం కాదని తన సిద్ధాంత గ్రంథంలో తానే రాసుకుంది. ఆ వాక్యం రాయడానికి ఆమె మనసు ఎంత చంపుకొని ఉంటుందో! నాలుగేళ్ళు తిరిగేసరికి రస్సెల్ మరో దారిన వెళ్ళి అదే మాటకు వచ్చాడు. వ్యాసంలో ఆమె పనిని ప్రస్తావించాడు కూడా. అయినా పేరు చాలాకాలం ఆయనకే దక్కింది. ఆ వ్యాసం అచ్చయింది నాటకం ఆడిన 1929లోనే.

పేన్ విద్యార్థులకు పాఠాలు చెప్పేది, పరిశోధనలు చేయించేది. ఆమె చెప్పిన కోర్సులు మాత్రం 1945 దాకా విశ్వవిద్యాలయం కేటలాగుకు ఎక్కలేదు. ప్రొఫెసర్ హోదా వచ్చింది 1956లో.

జీతం ఇచ్చేవారు. ఆ జీతం లెక్క రాసిన పద్దు పేరు: పరికరాలు.