పొలం పొలంగానే ఉండాలంటే

బెంగుళూరు సర్జాపుర రోడ్డు పక్కన అయిదెకరాలున్న ఒక పెద్దమనిషికి పాడు కోరిక పుట్టిందనుకుందాం. పొలం అమ్మడట, లేఅవుట్ వెయ్యడట. ఆ కానుగ చెట్లూ, కుంటా, కుంటలో కొంగలూ తన తర్వాత కూడా అలాగే ఉండాలట. ఇంట్లోవాళ్లు ముందు డాక్టరుకు చూపిస్తారు. ఆయన నాడి పట్టుకుని, "అక్కడ ఎకరం ఎంత పలుకుతోందండీ?" అని అడుగుతాడు.

అక్కడ కట్టడానికైతే దారులు బోలెడు. 1964 భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద కన్వర్షన్ ఉంది. మాస్టర్ ప్లాన్‌లో పచ్చరంగు పూసి ఉంటే పట్టణ ప్రణాళిక చట్టం 14-ఎ కింద ఆ రంగే మార్పించుకోవచ్చు. రైతు కానివాడు పొలం కొనకూడదన్న అడ్డునూ 2020లో తీసేశారు. ఏమీ కట్టను మొర్రో అనేవాడికి మాత్రం ఏ కౌంటర్‌లోనూ ఫారం లేదు.

అమెరికాలో ఇలాంటివాడు కట్టుకునే హక్కును ఒక ట్రస్టుకు రాసిచ్చేస్తే, రేపు ఆ భూమిని ఎవడు కొన్నా ఆ కట్టడికి లోబడాల్సిందే. పైగా పన్నులో రాయితీ. మనకూ 1882 నుంచీ ఈజ్‌మెంట్ చట్టముంది. పక్కపొలం వాడి బండిదారికీ, నీటికాలవకీ అది బాగా పనికొస్తుంది. కొంగకు పక్కన పొలం లేదు కనుక హక్కూ లేదు. పోనీ, ఎన్నటికీ అమ్మకూడదని షరతు పెట్టి కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాద్దామా? అదే ఏడు పుట్టిన ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ ఆ షరతు చెల్లదంటుంది. షరతు గాలికి పోతుంది, పొలం కొడుక్కి వస్తుంది, కొడుక్కి బిల్డరు స్నేహితుడవుతాడు.

సర్కారును నమ్ముకునే దారీ ఉంది. 2002 సవరణతో వన్యప్రాణి చట్టంలోకి కమ్యూనిటీ రిజర్వు వచ్చింది. యజమాని ఇష్టపడి ముందుకొస్తే ప్రైవేటు భూమినీ ప్రకటించవచ్చు. మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరును 2007లో అలాగే ప్రకటించారు. అక్కడ పెలికాన్లు గూడు కట్టేది ఊరివాళ్ల చింతచెట్ల మీదే. ఆ భూమి వాడకం మారాలంటే కమిటీ తీర్మానమూ, ప్రభుత్వ ఆమోదమూ కావాలి. తాళం మనది, చెవి విధానసౌధలో.

అదే 2007లో దేవనహళ్లి దగ్గర నల్లూరు చింతతోపు, 54 ఎకరాలు, దేశంలోనే తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. మరుసటి ఏడు అదే తాలూకాలో విమానాశ్రయం తెరిచారు. చింతచెట్లకు శాలువా, చుట్టుపక్కల పొలాలకు రేటు.

ఆ తాలూకాలోనే, చన్నరాయపట్టణ హోబళిలో ఏరోస్పేస్ పార్కు కోసం 1,777 ఎకరాలు తీసుకోబోతే, 13 ఊళ్ల రైతులు మూడేళ్లకు పైగా ధర్నాలో కూర్చున్నారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య భూసేకరణ మానుకున్నామన్నారు. ఇష్టపడి ఇచ్చేవాళ్లకు మాత్రం మంచి ధర అని ఓ తోక తగిలించారు. ఆ మాట వెలువడగానే మన ఆంధ్ర మంత్రి నారా లోకేశ్ ఎక్స్‌లో ఏరోస్పేస్ పరిశ్రమను పిలిచారు: మా దగ్గరికి రండి, బెంగుళూరు పక్కనే 8,000 ఎకరాలకు పైగా సిద్ధంగా ఉన్నాయని! నేలను సిద్ధంగా ఉంచడమంటే అందులో పైరు లేకుండా చూడటమని పాపం రైతుకేం తెలుసు?

అందుకని పెద్దమనిషికి నా సలహా. ట్రస్టులూ రిజర్వులూ వదిలేసి, తమ్ముడితో తగువు పెట్టుకోండి. తగువు లేకపోతే తయారు చేసుకోండి. వాటా అందని మేనత్త కూతురు ఎక్కడో ఉండే ఉంటుంది. సివిల్ కోర్టులో పార్టిషన్ దావా, దానిమీద స్టేటస్ కో. బెంగుళూరు బిల్డరు పాముకు భయపడడు, అటవీ శాఖకు అసలే భయపడడు. పహణీలో కోర్టు స్టే కనబడిందా, కారు దిగకుండానే వెనక్కి తిప్పుతాడు. తీర్పు తొందరగా వచ్చేస్తుందేమోనన్న బెంగ వద్దు, వచ్చినా అప్పీలుంది. ఒక్కటే జాగ్రత్త: ఏ పెళ్లిలోనో అన్నదమ్ములంతా ఒకే బంతిలో కూర్చుని భోంచేసి, మనసు కరిగి, రాజీ పడిపోకుండా చూసుకోండి.