నీటిబండి పద్యానికి టీకా, తాత్పర్యం

మూలం

డీజి లింజ నాగె డెందము కుదుటను
బడియె ననెడు లోనె ఫ్యాను బెల్టు
కీచు మనుచు నరచె గేటు చెంతను నిల్చి
నీటి బండి వచ్చె నిద్ర లెండు!

అవతారిక

కవి పేరు పద్యంలో లేదు. మణికొండలో అద్దెకుంటున్నవాడనీ, పడకగది కిటికీ గేటువైపే ఉందనీ అంతస్సాక్ష్యం వల్ల తెలుస్తోంది. మణికొండ గండిపేట మండలంలోని ఊరు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక కట్టిన గండిపేట జలాశయం 1920 నుంచి ఈ చుట్టుపక్కలే ఉంది. అయినా ఎండలు ముదిరితే ఇక్కడి బోర్లు గాలి కక్కుతాయి, సంపుల్లోకి నీళ్లు టైర్ల మీద వస్తాయి. పద్యం పుట్టిన ఋతువు గ్రీష్మమని చెప్పడానికి ఇంతకన్న ఆధారం అక్కరలేదు.

కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయకూడదని ఆయన నియమం. ఈ టీకాకారుడు ఆ నియమాన్ని తప్పక దాటాలి. ఎందుకంటే మూలంలో ఆల్టర్నేటరు లేదు, తప్పంతా దానిదే.

ప్రతిపదార్థం

డీజిలింజను = డీజిలుతో నడుచు యంత్రము; ఆగె = ఆగినది (లోపల ఒకటి ఆగలేదని ముందు తేలుతుంది); డెందము = మనస్సు (కవిది; డ్రైవరుకు ఇంకా మూడు ట్రిప్పులున్నవి); కుదుటను పడియె ననెడు లోనె = నెమ్మదించె ననుకొనునంతలోనే; ఫ్యాను బెల్టు = క్రాంకు పుల్లీ నుండి తిరుగుడు తెచ్చి ఇతర పుల్లీలకు పంచు రబ్బరు పట్టీ; కీచుమనుచు నరచె = చెవి తూట్లు పడునట్లు కూసినది; గేటు చెంతను నిల్చి = ఇది బండికి అన్వయం, బెల్టుకు కాదు; తక్కినది స్పష్టము.

తాత్పర్యం

డ్రైవరు తాళం తిప్పగానే ఇంజనుకు డీజిలు ఆగిపోతుంది. పాత లారీల్లో ఈ పనికి లాగే స్టాప్ కేబులు ఉండేది, కొత్తవాటిలో కంప్యూటరే ఇంజెక్టర్ల నోరు మూస్తుంది. డీజిలు ఇంజను ఆగే తీరు పెట్రోలు ఇంజనుకు లేదు. పెట్రోలు ఇంజనులో గాలిదారికి థ్రాటిల్ అనే తలుపు ఉంటుంది, ఆపే వేళకు అది దాదాపు మూసుకునే ఉంటుంది. సంప్రదాయ డీజిలుకు ఆ తలుపు లేదు. మంట ఆరినా ప్రతి సిలిండరూ నిండా గాలి పీల్చి, దాన్ని సుమారు 17వ వంతుకు నలుపుతూనే ఉంటుంది. నలిగిన గాలి పిస్టన్లకు ఎదురు తిరుగుతుంది. దానితో క్రాంకు కొద్ది చుట్లకే దబ్బున ఆగుతుంది, ఒక్కోసారి ఆఖరున కొంచెం వెనక్కి కూడా తంతుంది. బండి మొత్తం ఒక్క కుదుపు కుదిపేది అప్పుడే.

ఇక మూలకర్త వదిలేసిన పాత్ర. మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమా అనే పిలిచే ఆల్టర్నేటరు క్రాంకు కన్న రెండు మూడింతల వేగంగా తిరుగుతుంది, దాని పుల్లీ చిన్నది కనుక. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరిగే ఐడిలింగులో కూడా అది 1,500 చుట్లు తిరుగుతుంది. లోపలున్న రోటరు రాగి చుట్టలు నింపిన ఇనుప దిమ్మ. క్రాంకు ఆగమంటే బెల్టు ఆగింది. రోటరు ఆగలేదు, న్యూటన్ దానికి అనుమతి ఇచ్చి ఉన్నాడు. తిరుగుతున్న పుల్లీ నిలిచిపోయిన రబ్బరు మీద అంటుకుని, జారి, మళ్లీ అంటుకుని, మళ్లీ జారుతుంది. సెకనుకు వందల సార్లు జరిగే ఈ అంటుజారుడే కీచు. రోటరులోని ఊపు రబ్బరు రాపిడికి కరిగేదాకా, అంటే అరసెకను పాటు, కాలనీ మొత్తం వింటుంది.

పూర్వపక్షం

అది బ్రేకుల చప్పుడని గేటు దగ్గరి వాచ్‌మన్ మతం. ఇది నిలవదు. చక్రాలు ఆగి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తరువాతే డ్రైవరు తాళం తిప్పుతాడు. కదలని చక్రానికి బ్రేకు అరవదు.

డ్రైవరు మతం వేరు. "ఏం గాదు సార్, గది ఫ్యాన్ బెల్టే. ఇంత సబ్బు రుద్దితే ఊకుంటది." మొదటి వాక్యం సిద్ధాంతానికి సగం దగ్గరగా వచ్చింది. రెండోది శాస్త్రవిరుద్ధం. సబ్బు రుద్దితే రెండు రోజులు నోరు మూస్తుంది, ఆపైన బెల్టు ముఖం మెరుపెక్కి ముందుకన్న ఎక్కువ జారుతుంది. జారుడు జబ్బుకు జారుడే మందు అనేవాళ్లు రాజకీయాల్లోనూ ఉన్నారు గాని, అది ప్రస్తుతం కాదు.

బెల్టును బిర్రుగా బిగించేస్తే సరి అని మూడో పక్షం. అతిగా బిగిస్తే కీచు పోతుంది, దానితోపాటు డైనమా బేరింగూ వాటర్ పంపు బేరింగూ పోతాయి.

పాఠాంతరం

"కీచుమనుచు నరచె" అన్నచోట "కిచకిచ యని యరచె" అని కొందరు చదువుతారు. గణాలు సరిపోయినా అర్థం మారిపోతుంది. సాగదీసిన కీచు బెల్టు వదులుకు గుర్తు. ఇంజను నడుస్తుండగా లయబద్ధంగా వచ్చే కిచకిచ పుల్లీలు ఒకే వరుసలో లేవనడానికి గుర్తు. ఏ పాఠం గ్రాహ్యమో తేల్చే పరీక్ష మెకానిక్కుల దగ్గర ఉంది. ఇంజను నడుస్తుండగా, చేతులూ చొక్కా అంచులూ దూరంగా ఉంచి, గాడుల బెల్టు లోపలి ముఖం మీద స్ప్రే సీసాతో కాసిన్ని నీళ్లు చల్లాలి. శబ్దం పెరిగితే వదులు. తగ్గి, తడి ఆరాక తిరిగొస్తే వరుస తప్పింది. నీటి ట్యాంకరుకు నీళ్లతోనే రోగనిర్ణయం జరగడం గమనించదగ్గది.

అలంకారం

ఇంజను ఆగినా శబ్దం పుట్టింది కనుక, కారణం లేని కార్యమైన విభావన అని పైపైన తోస్తుంది. కారణం ఉండనే ఉంది, కనబడలేదంతే. తిరిగేది ఒకటి, ఏడ్చేది మరొకటి. కారణం ఒకచోట, కార్యం ఇంకొకచోట ఉన్నప్పుడు అది అసంగతి. ఈ అలంకారం తెలియకనే లోకంలో చాలామంది కొత్త బెల్టులు కొంటున్నారు.

నాయికాభేదం చెప్పాలంటే, తెల్లవారుజామునే సంపు మూత తీసి గొట్టం దారి చక్కబెట్టుకుని కూర్చున్న వాచ్‌మన్ వాసకసజ్జిక. ఐదో అంతస్తు బాల్కనీలోంచి మర్రిచెట్టు జంక్షన్ వైపు చూస్తున్న ఇల్లాలు విరహోత్కంఠిత. రాత్రి అమెరికా కాల్ ముగించుకుని నాలుగింటికి పడుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మాత్రం ఈ పద్యంలో రౌద్రం తప్ప మరో రసం దొరకదు.

విశేషాలు

ఈ కీచుకు విరుగుడు చాలా డీజిలు కార్లలో వచ్చేసింది. ఆల్టర్నేటరు పుల్లీలోనే ఒకవైపు మాత్రమే పట్టే క్లచ్చు పెడతారు. తొక్కడం ఆపినా సైకిలు వెనక చక్రం ఫ్రీవీలు మీద తిరిగినట్టు, బెల్టు ఆగినా రోటరు తనమానాన తిరిగి తనే ఆగుతుంది. ఈ పుల్లీ పాడై బిగుసుకుపోయినా మళ్లీ మొదటి కథే. చాలా కొత్త డీజిళ్లలో ఆపే క్షణాన గాలిదారి మూసే రేకు కూడా ఉంటుంది, దానివల్ల కుదుపు తగ్గుతుంది. మన వీధికొచ్చే ట్యాంకరు వయసు చూస్తే ఈ రెండూ దానికి వినికిడి మాత్రమే.

నిర్ణయం

ఆపేటప్పుడు మాత్రమే, అదీ అరసెకను కూసే బెల్టును చూసి కంగారు పడనక్కరలేదు. బిగువు ఒకసారి చూపిస్తే చాలు. స్టార్టు చేసినప్పుడూ, హెడ్‌లైట్లు వేసినప్పుడూ కూడా కూస్తే ఆ బెల్టు భారం లాగలేక జారుతోందని అర్థం. చాలా లారీల్లో ఇంజనును చల్లబరిచే వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే. అది తెగితే వెనక 10 వేల లీటర్ల నీళ్లు మోస్తున్న బండి, ముందు రేడియేటరు మరిగి రోడ్డు మధ్య ఆగిపోతుంది. ట్యాంకరు యజమానులారా, సబ్బు పక్కన పెట్టి బెల్టూ టెన్షనరూ మెకానిక్కుకు చూపించండి.