క్లచ్చి ఎక్కడుంటుంది బాబూ?

రైళ్ళ గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఎవరూ అడగలేదు, నాకు నేనే ఇచ్చుకున్న బిరుదు. మీకూ ఏదో ఒకటి ఉంటుందిలెండి, క్రికెట్టో బిర్యానీయో. పక్కవాడు నోరు తెరిచేలోపు మనమే అందుకుంటాం.

కాజీపేటలో బండి కదిలింది. ఇంజను వెనకాలే మా పెట్టె. డబ్ల్యూఏపీ-7 ఇంజను ఊఁ... అని రాగం తీస్తూ పైకి లేచింది, ఠక్కున కిందికి జారింది, మళ్ళీ లేచింది. బావమరిది పిల్లలు చెవులు రిక్కించారు. ఇక నేనాగుతానా? "అదిగో ఫస్టు గేరు! ఇప్పుడు సెకండు! కుదుపే లేదు చూడండి, డ్రైవరు పనిమంతుడు."

ఎదుటి సీట్లో పల్లీలు ఒలుచుకుంటున్న పెద్దాయన తలెత్తి, "క్లచ్చి ఎక్కడుంటుంది బాబూ?" అన్నారు.

తెలియదంటే పోయేది. నవ్వి ఊరుకున్నా పోయేది. ఎడమకాలి కింద అన్నాను, గేర్లెన్ని అంటే ఆరన్నాను, మోటార్లు ఆరు కదా మోటారుకొకటి అన్నాను, ఎత్తెక్కేటప్పుడు సెకండుకి దించుతారన్నాను, రివర్సు కాస్త గట్టిగా పడుతుందని కూడా అన్నాను! పెట్టెలో సగంమంది వింటున్నారు. ఆయన పొట్టు దులుపుకుని, లాలాగూడ షెడ్డులో ఆ ఇంజన్లకే మరమ్మతులు చేసి రిటైరయ్యానని మర్యాదగా చెప్పారు.

ఆ మర్యాదే చంపేసింది. తిట్టినా బాగుండేది.

ఆ ఇంజనులో గేరు మార్చడమే లేదట. మోటారు షాఫ్టుకి 20 పళ్ళ పినియను, చక్రాల ఇరుసుకి 72 పళ్ళ గేరు. ఎంత వేగానికైనా అదే జత. పై తీగలోని 25 వేల వోల్టుల ఏసీని ట్రాన్స్‌ఫార్మరు దించుతుంది, కన్వర్టరు 2800 వోల్టుల డీసీ చేస్తుంది. దాన్ని స్విచ్చిలు బెండకాయ తరిగినట్టు ముక్కలు చేసి, మూడు ఫేజుల ఏసీగా మోటార్లకు పంపుతాయి. ముక్క వెడల్పైతే వోల్టేజి ఎక్కువ, సన్నమైతే తక్కువ. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటే ఇంతేనట. స్విచ్చి వేస్తే పూర్తిగా వేయడమే, తీస్తే పూర్తిగా తీయడమే. అందుకే కరెంటు వేడి కింద వృథా కావడం తక్కువ.

"మరి ఆ రాగం?" అన్నాను, గొంతు తగ్గించి.

ఈ రకంలోని పాత ఇంజన్లలో జీటీఓ అనే రకం స్విచ్చిలు. సెకనుకి కొన్ని వందల సార్లకు మించి ఆడలేవు. బండి వేగంతోపాటు మోటార్లకిచ్చే ఏసీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, స్విచ్చిల పరుగూ పెరిగి శ్రుతి లేస్తుంది. హద్దు దగ్గర పడగానే కంప్యూటరు ఒక్కో సైకిల్లో పల్సుల సంఖ్య తగ్గిస్తుంది, శ్రుతి జారుతుంది. నా సెకండు గేరు అదన్నమాట.

"పిల్లలకి అర్థం కావాలని గేర్లన్నాను బాబాయిగారూ" అన్నాను. ఆయన ఏమీ అనకుండా నా చేతిలో గుప్పెడు పల్లీలు పోశారు.

బుద్ధొచ్చిందనుకుంటున్నారా? మొన్న రాత్రి ఇంకో స్టేషన్లో, చీకట్లో ఇంజను మూలుగు వినపడగానే, పక్కన టీ తాగుతున్నాయన్ని పట్టుకుని జీటీఓలు, పల్సులు, 72 పళ్ళు, మొత్తం అప్పజెప్పాను. పాపం, ఊఁ కొడుతూ విన్నాడు. ఇంజను దీపాల కిందికి వచ్చాక చూస్తే, దాని నెత్తి మీంచి నల్లటి డీజిల్ పొగ.