బందూకు సలామత్

భానూర్‌లో భారత్ డైనమిక్స్ కొలువు చేసి రిటైరైన పెద్దమనిషి ఇంటికి, ఆయన సొంతూరి గడీ వారసుడు ఒక పాత ఖాతా పుస్తకం పట్టుకొని వచ్చాడు. నిజాం కాలంలో ఉర్దూలో రాసుకున్నది. సదాశివపేట మౌల్వీ సాబ్‌తో చదివించి, తెలుగులో రాయించి, ఇప్పుడు అచ్చు వేయిస్తున్నాడు.

"మా తాత తూటాలు నింపిన లెక్క ఇది. ట్యాంకులను కొట్టే కొంకుర్స్ మిసైళ్ల నడుమ బతికినోనివి నువ్వు. దీని విలువ నీకే తెలుస్తది. ముందుమాట నువ్వే రాయాలె."

దొర తుపాకీ .470 నైట్రో ఎక్స్‌ప్రెస్, జోడు గొట్టాలది. ఆ కొలత పుట్టడానికి మన దేశమే కారణం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆంగ్లేయులు .450 వేట తుపాకులను ఇక్కడికి రానివ్వకుండా ఆపేశారు. ఆ గుండ్లను ఊడదీసి, మార్టినీ-హెన్రీ తూటాల్లో నింపుకొని జనం తిరగబడతారని వాళ్ల భయం. తుపాకీ కంపెనీలు అప్పుడు .465, .470, .475 అంటూ పక్క కొలతలు పట్టుకున్నాయి. తూటా నింపగల చేతులంటే ఏలేవాళ్లకు అంత బెదురు.

.470 గుండు 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాముల పైమాట. దాని వెనక 75 గ్రెయిన్ల కార్డైట్ మందు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొత్త తూటాలు దొరకడం గగనమైతే, దొర కాల్చిన తొడుగులనే మళ్లీ నింపించాడు. తొడుగు అడుగున మందును అంటించే పాత టోపీ ఊడగొట్టి కొత్తది దించాలి. సేమియాలా ఉండే కార్డైట్ పోగులను కంసాలి త్రాసులో తూచి, ఒక్కొక్కటే తొడుగులోకి జార్చాలి. పైన గుండు బిగించాలి. ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాములు. ఆ కాస్త తేడాకే ఒత్తిడి మారిపోయే పని అది. దొర శ్రద్ధ నిజమైనదే, కాదనలేం.

పుస్తకం నిండా వరసలు: తారీఖు, మందు, గుండు, టోపీ, ఫలితం. కొత్తగా నింపిన ప్రతిసారీ, అడవికి పోయేముందు ఒక తూటా కాల్చి చూశారు. ప్రతి వరస చివరా ఒకటే మాట: బందూకు సలామత్. తుపాకీ క్షేమం అని.

"చూసినవా? ఇన్నేండ్ల లెక్కల ఒక్క ప్రమాదం లేదు," అన్నాడు వారసుడు.

పెద్దమనిషి కాగితాలు తిప్పుతూ పోయి 1352 ఫసలీ, తీర్ నెల దగ్గర ఆగాడు. మన లెక్కలో 1943 మే. మందు 75. ఫలితం: "టోపీ చిల్లుపడింది. బందూకు సలామత్."

"చలికాలం, బహమన్ నెలల గూడ 75 ఏ పోసిన్రు. నడి ఎండాకాలం గూడ అంతే పోసిన్రు. వేడికి కార్డైట్ జోరు పెరుగుతది దొరా. అందుకే బిలాయతోళ్లు మనసొంటి వేడి దేశాలకు మందు తగ్గించి వేరే తూటాలు చేసెటోళ్లు. ఇప్పటి మిసైల్ మందును గూడ వేడిల ఒకసారి, చలిల ఒకసారి పరీక్ష చేస్తరు. టోపీ చిల్లుపడ్డదంటే మంట ఎన్కకు తంతది. కాల్చినోని మొఖం మీదికి."

"మా తాత గూడ పసిగట్టిండు కదా!" వారసుడు సంబరంగా కింది వరస మీద వేలు పెట్టాడు. నాలుగు రోజుల తర్వాతి తారీఖు. మందు 71. బందూకు సలామత్. "తప్పు కనపడంగనే దిద్దుకున్నడు. ముందుమాటల ఈ ముచ్చట తప్పకుండ రాయి."

"రాస్త దొరా. కాల్చినోళ్ల పేర్లు ఏ వరసల ఉన్నయ్?"

"పేర్లెందుకు రాస్తరు? ఎవరో జీతగాళ్లు కాల్చి ఉంటరు."

పెద్దమనిషి ఆ రెండు వరసలనూ ఇంకోసారి చదివాడు.

"75 కాల్చింది మా తాత. ఆ దినం పోయిన కన్ను మళ్ల రాలే. పండుకున్న మనిషి లేవలేదని, నాలుగు రోజులకు మా నాయినను తోల్కపోయిన్రు. అప్పుడాయనకు పద్నాలుగేండ్లు. నాలుగు గ్రెయిన్లు తగ్గించిన్రా దొరా? మా నాయినకు రెండు కండ్లు ఎట్ల మిగిలినయో ఇప్పుడు తెలిసింది."