చార్టులో చెరువు

ఇప్పటి బళ్లలో పర్యావరణం అంటే చార్టు. థర్మాకోల్ షీటు మీద నీలం రంగు పూసి చెరువంటారు, దూది అంటించి మబ్బులంటారు, నాలుగు బాణాలు గీసి నీటి చక్రం అంటారు. షీటూ రంగూ దూదీ టౌనులో స్టేషనరీ షాపు నుంచి వస్తాయి. డబ్బులిస్తే మొత్తం చేసిపెట్టేవాళ్లూ ఉన్నారు. మార్కులు పడతాయి. బడి గోడకు అరమైలు అవతల అసలు చెరువు ఉంటుంది. దాని తూము ఎక్కడుందో, మరవ ఏ పక్కన పారుతుందో, ఏ వంక నీళ్లు అందులోకి వస్తాయో తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి అడగండి, బిక్కమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు. వాణ్ణి అక్కడికి తీసుకుపోయినవాళ్లు లేరు.

మా రోజుల్లో పర్యావరణమనే సబ్జెక్టే లేదు. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఏడాది పొడుగునా కలిపితే 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూ, వాన పడే నేల. అలాంటి చోట చెరువు గురించి తెలియకుండా పెరగడం కుదిరేది కాదు. మాకు ఆ పాఠం చెప్పింది నీరుగంటి. ఊరి తరఫున తూము తెరిచి మూసి, ఏ మడికి ఎన్ని నీళ్లు పోవాలో చూసే మనిషి. ఆయన ఏనాడూ పలక పట్టలేదు. చెరువు నిండిన రోజుల్లో కట్ట మీద తిరిగే పిల్లలను వెంటబెట్టుకుని కట్ట వెనక్కి దిగేవాడు. అక్కడ అడుగున రాళ్ల సందుల్లోంచి సన్నగా నీళ్లు ఊరుతుంటాయి. వాటిని దోసిట్లో పట్టి మా ముందు పెట్టేవాడు. తేటగా ఉంటే భయం లేదు, మట్టికట్ట అన్నాక కాస్తో కూస్తో ఊట ఉంటుంది. మట్టిరంగు తిరిగిందంటే మాత్రం కట్ట లోపల్లోపలే కోసుకుపోతోందని అర్థం. ఆ రాత్రికి ఊరంతా పారలూ గంపలూ పట్టుకుని రావాల్సిందే. మా దోసిళ్లలో కూడా పట్టించి, ఏది తేటో ఏది మడ్డో మా చేతే చెప్పించేవాడు. మట్టికట్టను పరీక్షించే ఇంజనీర్లు ఈనాటికీ మొదట చూసే వాటిలో ఇదొకటి.

ఎండాకాలం పూడు తీసే పని ఉండేది. చెరువు అడుగు మట్టి బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. సెలవుల్లో మేమంతా ఆ బండ్ల వెంటే. ఇసక పాలు ఎక్కువున్న చేనికి ఏ మట్టి వేయాలి, ఎంత మందాన పరచాలి, చెరువులో ఏ మూల మట్టి మంచిది, ఇవన్నీ పెద్దవాళ్ల మాటల్లోంచి చెవిన పడేవి. చెరువు లోతు పెరిగేది, చేను బాగుపడేది. ఈ రెండూ ఒకే పని అని మాకు విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

అంతా బంగారమని నేననను. మా నీరుగంటి దళితుడు. ఊరి మళ్లన్నింటికీ నీళ్లు పంచిన ఆ మనిషి మా వీధి బావిలో చేద వేయకూడదు. ఆయన పిల్లలు వేరే బావికి పోయేవాళ్లు. చెరువు పనిలో బరువంతా వాళ్ల మీద, పంటలో వాటా మాత్రం గింజల లెక్క. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. ఆయన తలలో ఉన్న చదువు ఎవరికీ అందకుండా పోయిందే, దాని గురించే నా బాధ.

ఆ చదువు మనకు నిన్నామొన్నటిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువు ఉంది. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది మనుషులు, వంద బండ్లతో రెండేళ్లు పట్టిందని అక్కడి శాసనమే చెబుతుంది. ఆ శాసనంలో అంతకన్నా విలువైన సంగతి మరొకటుంది. చెరువు కట్టాలంటే ఉండాల్సిన అంగాలు పన్నెండు, చెరువుకు రాకూడని దోషాలు ఆరు అని లెక్కపెట్టి చెక్కించారు. కట్టలోంచి నీరు కారడం, ఉప్పునేల కావడం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట లేవడం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం. మొదటి దోషం చూడండి. మా నీరుగంటి దోసిట్లో పట్టి చూపించింది దాన్నే. ఆరున్నర శతాబ్దాల కింద రాతి మీద రాసిన పాఠం మన ఊళ్లలో ఉండగా, పిల్లలను బస్సెక్కించి ఎక్కడెక్కడో వాటర్ పార్కులకు తీసుకుపోతున్నారు. ఆ ఆరు దోషాల జాబితా చేతిలో పెట్టి సొంత ఊరి చెరువు మీదికి పంపిస్తే, ఒక్క పూటలో ఎంత చూసి వస్తారు!

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కూడా అనలేను. పర్యావరణ విద్య అన్ని తరగతుల్లో తప్పనిసరి చేయమని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టారు. మనసు పెట్టిన మాస్టర్లు ఉన్నచోట వాటితో మంచి పనులు జరిగాయి, నేను కళ్లారా చూశాను. మిగతా చోట్ల అది ఒక రిజిస్టరు, ఒక బ్యానరు. జూన్ 5న పర్యావరణ దినోత్సవం అంటారు. మన బడులు తెరిచేది జూన్ 12న. పిల్లలు లేని బడిలో పెద్దవాళ్లు మొక్క నాటి ఫొటో తీసుకుంటారు. వాన ఇంకా నేలను తడపనే లేదు. ఆ మొక్కకు వారం రోజులు నీళ్లెవరు పోస్తారు?

బోర్లు వచ్చాక సంగతి మరీ చెడింది. చెరువులో నీళ్లు కంటికి కనబడేవి. తగ్గాయంటే ఊరంతటికీ తెలిసేది. భూమి కింద నీళ్లు ఎవరికీ కనబడవు. అరచేతిలో టెంకాయ పట్టుకుని నడిచే మనిషి ఇక్కడ వెయ్యమంటే అక్కడ బోరు వేయడం, ఎండితే ఇంకో చోట వేయడం, అప్పులు. రైతుకు నీటి లెక్క నేర్పే చదువు అత్యవసరమైన కాలంలోనే అది పూర్తిగా మాయమైంది.

చేతులతో నేర్పితే పని జరుగుతుందని రుజువైన చోటు ఒకటుంది, అదీ మన దగ్గరే. 2003లో మొదలై కొన్నేళ్లు నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ పథకం. రైతులే భూగర్భ జలాలను చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, మొత్తం 7 కరువు జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. నెదర్లాండ్స్ డబ్బిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. రైతులకు నీటి పాఠశాలలు పెట్టారు. బల్లలూ నల్లబోర్డులూ కాదు, చేలగట్ల మీదే తరగతులు.

పొద్దున్నే ఎనిమిదిన్నరకు ఒక మహిళా రైతు వానమాపకం దగ్గరికి వచ్చి, రాత్రి పడ్డ వాన నీళ్లను కొలత గ్లాసులోకి వంచుతుంది. గ్లాసును చదునైన రాయి మీద పెట్టి, కళ్లు నీటిమట్టానికి సమానంగా వచ్చేదాకా వంగుతుంది. గ్లాసు గోడల దగ్గర నీళ్లు కాస్త పైకి పాకి ఉంటాయి. అక్కడ చదవకూడదు, మధ్యలో పల్లంగా కనబడే గీత దగ్గరే చదవాలి. అంకె పుస్తకంలో రాసి, ఊరి నడుమ గోడ మీద బోర్డులో ఎక్కిస్తుంది. పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బోర్లలోకి టేపు దించి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూస్తారు. అక్షరాలు సరిగ్గా రానివాళ్లు కూడా ఈ పని తప్పు లేకుండా చేశారు.

రబీ పంటకు ముందు ఊరంతా కూర్చుని లెక్క వేసేవాళ్లు. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడిందంటే నాలుగు వేల లీటర్ల నీళ్లు. ఎకరా వరికి మొత్తం మీద 1,200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే, అది 48 లక్షల లీటర్లు. చెనక్కాయకు 500 మిల్లీమీటర్లు చాలు, అంటే 20 లక్షలు. భూమిలో ఇంకినది ఇంత, ఊరు వేయదలచిన పంటలకు కావాల్సింది ఇంత, మధ్యలో లోటు ఇంత. ఆపైన ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని అనలేదు, జరిమానా లేదు, చట్టం పేరు చెప్పి బెదిరించడం లేదు. లెక్క తన చేతులతో వేసిన రైతు తనంతట తానే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లాడు. అన్ని ఊళ్లలో కాకపోయినా చాలా ఊళ్లలో ఇది జరిగింది. 2010లో భారతదేశ భూగర్భ జలాల మీద ప్రపంచ బ్యాంకు వేసిన నివేదికలో కూడా ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా చెప్పుకొచ్చారు.

పథకం గడువు తీరింది, డబ్బు ఆగింది. కొన్ని ఊళ్లలో రైతులు సొంతంగా కొంతకాలం కొలిచారు. నేనెరిగిన ఒక ఊళ్లో ఆ బోర్డు ఉన్న గోడకు సున్నం కొట్టి ఎన్నికల పోస్టర్లు అతికించారు. నాకు మండేది ఇక్కడే. ఇంత శ్రమపడి నేర్చుకున్న చదువును నిలబెట్టడానికి ప్రతి ఊళ్లో ఒక బడి ఉంది, ఆ బడిలో సైన్సు చెప్పే మాస్టరు ఉన్నాడు, లెక్కలు చెప్పే టీచరమ్మ ఉంది, రోజూ వచ్చే పిల్లలున్నారు. అయినా బడికీ దీనికీ సంబంధం లేదన్నట్టు వదిలేశారు.

నీళ్ల లెక్కకు సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. బడీ జూన్‌లోనే తెరుస్తారు. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక వానమాపకం, ఒక టేపు, ఊళ్లో నాలుగు బోర్ల మీద కొలిచే అనుమతి ఇస్తే చాలు. ఆరో తరగతి వాన కొలవాలి, ఎనిమిదో తరగతి బోరు లోతు కొలవాలి, తొమ్మిదో తరగతి రబీ లెక్క వేసి గ్రామసభలో చదివి వినిపించాలి. శాతాలు, సగటు, గ్రాఫు, ఘనపరిమాణం, ఇవన్నీ సిలబస్‌లో ఉన్నవే. ఆ లెక్క విని సర్పంచి కాదంటాడా, పెద్ద రైతు విసుక్కుంటాడా, విసుక్కోనీ. తన కొడుకో మనవరాలో చదివిన అంకెను ఇంటికి పోయాక మళ్లీ అడిగి తెలుసుకుంటాడు.

సెలవుల సంగతి ఏమిటని అడుగుతారు. ఏప్రిల్ చివర బడి మూస్తారు, బోర్లు అట్టడుగుకు దిగేది మే నెలలో. ఏడాదిలో అన్నిటికన్నా ముఖ్యమైన కొలత అదే కాబట్టి దాన్ని వదలడానికి లేదు. పిల్లలు ఊళ్లోనే ఉంటారు. టేపు బడి అల్మరాలో పెట్టి తాళం వేయకుండా, పోయేటప్పుడు వాళ్ల చేతికివ్వండి.