ఇన్‌బాక్స్ అరణ్యవాసం

అప్‌గ్రేడ్ అంటే ఏమిటో ఏటపాక వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1959 దాకా వాళ్లది తూర్పు గోదావరి. ఆ ఏడు ఖమ్మంలో కలిపారు. 2014లో ఊరు ఉన్నచోటే ఉండగా మళ్లీ తూర్పు గోదావరి అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. పక్కనే ఉన్న భద్రాచలం గుడి మాత్రం తెలంగాణలో. ప్రతిసారీ చెప్పింది ఒక్కటే: “మీ కాయితాలకేం భయం లేదు, అన్నీ వెనకే వస్తాయి.”

అదే 2014లో, ఏప్రిల్ 8న, మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి సెలవిచ్చింది. ఆ కబురు ఈ అడవి అంచున ఒక ఆఫీసుకి చాలా ఏళ్లు చేరలేదు. చేరే ఉంటుంది లెండి, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఎవరూ తెరవకుండా పడుంటుంది. చివరికి ఒక రోజు బండి మీద కుర్రాడొచ్చాడు, కొత్త విండోస్ వెయ్యడానికి.

“మెయిళ్లు పోవుగా బాబూ?”

“ఏం పోవు సార్, మై డాక్యుమెంట్స్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిన.”

ఎక్కించాడు, నిజమే. అందులో గుమస్తాగారబ్బాయి పుట్టినరోజు ఫొటోలూ పాత సినిమా పాటలూ భద్రంగా ఉన్నాయి. మెయిళ్లుండేది అక్కడ కాదు. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, అందులో యూజర్ పేరు, అందులో కంటికి కనపడని లోకల్ సెట్టింగ్స్, అప్లికేషన్ డేటా, ఐడెంటిటీస్, ఆపైన మూరెడు నంబరు, ఇంకా లోపల డీబీఎక్స్ ఫైళ్లు. రావణుడు సీతమ్మని కూడా ఇంత లోపల దాచలేదు. ఎంతైనా అశోకవనం ఆరుబయటేగా!

“సర్వర్లో ఉంటయ్ సార్” అన్నాడు ఫార్మాట్ కొట్టాక. పాప్ పద్ధతిలో మెయిల్ దించుకుంటే, కాపీ అక్కడే ఉంచమని టిక్కు పెట్టకపోతే, సర్వర్ చేతులు దులుపుకుంటుంది. మనం పంపినవాటి కాపీలైతే అసలు ఆ మిషన్‌లో తప్ప ఉండవు.

చెయ్యాల్సిందల్లా ప్రోగ్రాం మూసి, ఆ ఫోల్డర్ని మొత్తంగా బయటి డిస్కులోకి తీసి, కొత్తదాంట్లో దిగుమతి చేసి, ఫోల్డరు ఫోల్డరుకీ లెక్క సరిపోయాకే పాతది తుడవడం. తానీషాకి ఆరు లక్షల మొహరీలు కట్టినప్పుడు రాముడంతటివాడే రసీదు పుచ్చుకున్నాడని ఈ ఊళ్లో చెప్పుకుంటారు. దేవుడికున్న ముందుచూపు సర్కారుకి ఉండాలనడం అత్యాశే.

మర్నాడు పోడు పట్టా సంగతి కనుక్కోడానికి ఒక కోయ పెద్దాయన వచ్చాడు.

“నీ దరఖాస్తు పాత కంప్యూటర్లో ఉండేది. మళ్లీ పెట్టుకో” అన్నారు సారు.

పెద్దాయన సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. మారిన జిల్లాలన్నిటి కాయితాలూ వరసగా ఉన్నాయి. అడుగున ఆ దరఖాస్తు మెయిల్ ప్రింటు, ఈ ఆఫీసు ముద్రతోనే.

సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇది ప్రింటు, చెల్లదు. ఒరిజినల్ మెయిల్ పట్టుకురా, పెద్దాయనా.”