మా వదినగారి స్నానగుళికలు

అంగడిలో ఏ వస్తువు కంటబడినను ముందుగా దాని వెలను, పిమ్మట కళ్ళజోడు సవరించుకొని దాని వెనుక అచ్చొత్తిన దినుసుల పట్టికను ఆమూలాగ్రముగా పఠించి, "ఓస్, ఇంతేనా! ఇది మనింట్లో చేసుకోలేమూ?" అని అచటనే కంకణము కట్టుకొను మహావ్యక్తులు ప్రతి బంధువర్గమునందును ఒక్కరైనను ఉందురు. మా వంశమునకు విధి ప్రసాదించినవారు మా వదినగారు. పళ్ళపొడి, కాటుక, సాంబ్రాణి, సబ్బు మున్నగువానిలో ఆమె చేయి పడనిది లేదు. ఆ సబ్బుతో ఉదికిన నా పట్టుపంచె గతియేమైనదో ఇచట ప్రస్తావింపను. ఇన్నింటిని జయించిన ఆ విదుషీమణిని ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు త్రాగించిన వస్తువు లోకమున ఒక్కటే కలదు. అది బాత్ బాంబు, అనగా స్నానపు నీటిలో వేయగనే బుసబుసలాడి కరగు గుళిక.

ఆమె చెల్లెలి కూతురు అమెరికానుండి వచ్చుచు గులాబిరంగు గుళిక నొకదానిని కానుకగా తెచ్చెను. దాని వెలను డాలర్లనుండి రూపాయలలోనికి మార్చి చూచిన క్షణముననే మా వదినగారి ముఖమున వీరరసము పొటమరించినది.

ఈ గుళిక జన్మస్థానము ఇంగ్లండు. 1989లో పూల్ అను సముద్రతీర పట్టణమున మో కాన్‌స్టంటైన్ అను నామె, ఉదరబాధకు నీళ్ళలో వేసికొని త్రాగు పొంగుబిళ్ళ బుసబుసలాడుట చూచి, అట్టిది స్నానపు తొట్టికి మాత్రము ఏల ఉండరాదని తలపోసి, తన పెరటి కొట్టమున దీనిని సృజించెను. ఆ దేశపు ఇండ్లలో తొట్టియు కలదు, అందు గంటసేపు మునిగి కూర్చుండదగిన చలియు కలదు. మా అన్నగారి నివాసమో, విశాఖపట్టణమున సముద్రమునకు కూతవేటు దూరమున కలదు. అందలి స్నానసామగ్రి ఒక బక్కెట్టును ఒక మగ్గును మాత్రమే. ఈ విషయమును నేను సవినయముగా మనవి చేయగా, "ముందు బాంబు నిలవనీవయ్యా మరిదీ, తొట్టి సంగతి తర్వాత చూసుకుందాం" అని ఆమె సెలవిచ్చిరి.

నిలుచుటయే కదా చిక్కు! వంటసోడా రెండు పాళ్ళు, నిమ్మఉప్పు ఒక పాలు, పట్టు నిమిత్తము కొంత మొక్కజొన్నపిండి, మేని నునుపునకు కొంత కొబ్బరినూనె, వాసనకు నాలుగు చుక్కల అత్తరు: ఇంతియే పాకము. సోడాయు నిమ్మఉప్పును పొడిగా ఉన్నంతకాలము ఒకదానినొకటి పలుకరించుకొనవు. నీరు తగిలినంతనే కలహించి బొగ్గుపులుసు వాయువును వెడలగ్రక్కును. ఆ కలహమే స్నానవేళ శోభ, ఆ కలహమే తయారీవేళ సర్వనాశము. ముద్ద కట్టుటకు చెమ్మ కావలెను. ఆ చెమ్మ రవంత హెచ్చినచో ముద్ద పొంగిపోవును.

వదినగారు సున్నుండల ధైర్యముతో రంగమున దిగిరి. ఆమె కట్టిన సున్నుండ డబ్బాలో మాసము గడిచినను చెదరదు, నోట బడిన పిదప నిలువదు. దానికై నేను ఏ సబ్బునైనను క్షమింపగలను. కాని సున్నుండను నిలుపునది నేయి. ఆ నేతికి ద్రోహబుద్ధి లేదు. ఇచట తొలినాడు నీరు చిలుకరింపగా, రాత్రి గుండ్రముగా పరుండిన గుళికలు తెల్లవారునప్పటికి ఒడలెల్ల కురుపులు లేచి, నడుము విరిగి, పళ్ళెరమంతయు పారియుండెను. మరునాడు చెమ్మ తగ్గింపగా, అచ్చు విప్పినంతనే పొడియై రాలెను. అచ్చనగా వేరేమియు కాదు, ఒకే కొలతగల రెండు గుంటగరిటెలు; ఆ దినములలో ఆ ఇంట సాంబారు టీకప్పుతో వడ్డింపబడెడిది.

అంతట ఆమె శాస్త్రాధ్యయనమునకు పూనుకొనిరి. నీటికి మారుగా మందులషాపు సర్జికల్ స్పిరిట్టును స్ప్రేసీసాలో పోసి, ఒక చేత మంచువలె చల్లుచు ఇంకొక చేత కలుపుచు, గుప్పిట పట్టిన పిండి విప్పినపుడు విడిపోకుండునంతటితో ఆపవలెనని గ్రహించిరి. ఈ రసాయన కలహము వేడిని హరించునది గనుక, పిండి చేతికి చల్లగా తగిలినచో లోలోపల పోరు మొదలైనదని గుర్తు. ఈ రహస్యము తెలిసిన నాటినుండి ఇంటికి వచ్చిన పాలవాడు మొదలు పురోహితునివరకు ఎవ్వరినైనను పట్టి, "ఒక్కసారి ఇందులో చెయ్యి పెట్టి చెప్పండి, చల్లగా ఉందా?" అని సాక్ష్యము తీసికొనుచుండెడివారు. పురోహితుడు మడిలో ఉన్నానని తప్పించుకొనెను.

కొబ్బరినూనె గడ్డకట్టి గుళికను పట్టియుంచునని పుస్తకములు చెప్పును. నిజమే, కాని అది ఇరువదినాలుగు డిగ్రీలకు దిగువననే గడ్డకట్టును. శ్రావణమాసపు విశాఖలో ఆ చలువ ఎక్కడిది? ఫ్రిజ్జులో పెట్టిరి, వెలుపలికి తీయగనే తేమగాలి చల్లని గుళికపై చెమటవలె పట్టి మరల బుసబుసలు. తుదకు ఏసీ గాలిలోని తేమను పిండివేయునని ఎవరో చెప్పగా, ఏసీగల ఏకైక పడకగది గుళికలపరమైనది. అవి రెండు దినములు ఆరవలెను గనుక మా అన్నగారు చాపయు దిండును చంకబెట్టుకొని వరండాకు వలసపోయిరి. దోమలు ఆయనకు స్వాగతమిచ్చెను.

నిలిచినది! నున్నగా, గట్టిగా, బిడ్డ పిడికిలంత గుళిక వదినగారి అరచేత నిలిచినది. నేనును పొంగిపోయి, బక్కెట్టునందైనను వేసి చూతమంటిని. ఆమె నన్ను పసిబిడ్డను నూతిలో వేయుమన్న పాపిని చూచినట్లు చూచి, "ఇన్నాళ్ళూ కిందామీదా పడి నిలబెట్టింది నీళ్ళలో కరగబెట్టడానికా?" అనిరి. సమాధానము నాకు తోచలేదు. మీకు తోచినచో ఆమె ఎదుట చెప్పవలదు. ఇప్పుడా గుళికలు అద్దాల బీరువాలో కొండపల్లి బొమ్మల ప్రక్కన కొలువుదీరియున్నవి. పేరంటమునకు వచ్చిన ముత్తైదువలకు పసుపుకుంకుమలతో ఒక్కొక్కటి ఇచ్చుచు, "తడి తగలనివ్వకండేం" అని మరీమరీ చెప్పి పంపుచున్నారు.

అన్నగారు మాత్రము ఇప్పటికిని వరండాలోనే. ఏసీగదిలో లావెండరు రకము ఆరుచున్నది.